రౌటర్‌కు అయిదు నిమిషాల గడువు: కమాండ్ లైన్‌లో రౌటింగ్ డీమన్‌తో మాట్లాడటం

2021 అక్టోబర్ 4, సోమవారం. ఇండియాలో రాత్రి 9:10, దుబాయ్‌లో సాయంత్రం 7:40, ఇక్కడ న్యూజెర్సీలో పగలు 11:40. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆగిపోయాయి. దాదాపు ఆరు గంటల పాటు రాలేదు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో వాట్సాప్‌లో తప్ప ఇంకోలా మాట్లాడే అలవాటు పోయిన మన ప్రవాసుల ఇళ్లలో ఆ రోజు వైఫై ఆపి మళ్లీ వేసి చూడని వాళ్లు తక్కువే ఉంటారు.

లోపం ఫోన్‌లో లేదు, వైఫైలోనూ లేదు. ఆ కంపెనీ తర్వాత బయటపెట్టిన వివరణ ప్రకారం, మామూలు మెయింటెనెన్స్ పనిలో ఒక కమాండ్ ఇచ్చారు. నెట్‌వర్క్ సామర్థ్యం ఎంత ఉందో చూడటం దాని ఉద్దేశం. అది కాస్తా డేటా సెంటర్లను కలిపే ప్రధాన నెట్‌వర్క్ మొత్తాన్ని తెంచేసింది. అలాంటి ప్రమాదకరమైన కమాండ్లను అడ్డుకోవాల్సిన తనిఖీ ప్రోగ్రామ్‌లోనే ఒక బగ్ ఉండి, దాన్ని వదిలేసింది. సరిచేద్దామంటే ఇంజనీర్లు లోపలికి వెళ్లే దారి కూడా తెగిపోయింది. చివరికి మనుషులను నేరుగా డేటా సెంటర్లకు పంపించాల్సి వచ్చింది.

టైపు చేసిన ఒక్క లైనుకు ఇంత శక్తి ఎలా వస్తుంది? ఆ లైనును ఎవరు వింటారు? పొరపాటు జరిగితే వెనక్కి తీసుకునే వీలుందా? మన వాళ్లలో నెట్‌వర్క్ ఉద్యోగాలు చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు ఆన్‌కాల్‌లో అర్ధరాత్రి నల్లటి తెర ముందు కూర్చుని ఏం చేస్తారో ఇంట్లో వాళ్లకు తెలియదు. నేను బీఎస్సీ చదివాను, ఇంటి పని చూసుకుంటాను. పాత ల్యాప్‌టాప్ మీద ఈ విద్యను నాకు నేనే నేర్చుకున్నాను కాబట్టి ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే చెప్పగలననుకుంటున్నాను.

ముందు డీమన్ అనే మాట సంగతి. మన ముందు కిటికీ ఏదీ తెరవకుండా, కంప్యూటర్‌లో వెనకాల ఇరవైనాలుగు గంటలూ నడిచే ప్రోగ్రామ్‌ను డీమన్ అంటారు. ఇది దెయ్యం కాదు. 1963లో ఎంఐటీలో ప్రాజెక్ట్ మ్యాక్ బృందం ఈ పేరు పెట్టింది. ఫిజిక్స్ చదివిన వాళ్లకు మ్యాక్స్‌వెల్ డీమన్ గుర్తుండే ఉంటుంది. రెండు గదుల మధ్య చిన్న తలుపు దగ్గర కూర్చుని, వేగంగా వచ్చే అణువులను ఒకవైపు, నెమ్మదిగా వచ్చేవాటిని ఇంకోవైపు పంపే ఊహాజీవి. విసుగు లేకుండా పనిచేసే ఆ జీవి నుంచే పేరు తీసుకున్నారు. థర్మోడైనమిక్స్ పాఠంలో మార్కుల కోసం బట్టీపట్టిన జీవి కంప్యూటర్‌లో మళ్లీ కనబడితే నాకైతే సరదా వేసింది.

రౌటింగ్ డీమన్ పని అర్థం కావాలంటే మన ఆర్టీసీ బస్టాండ్‌ను ఊహించుకోండి. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఈ బస్సు ఇటు, ఆ బస్సు అటు అని చకచకా పంపించే మనిషి ఒకరు. ఆయన ఆలోచించడు, చేతిలో ఉన్న పట్టిక చూసి చెయ్యి ఊపుతాడు. కంప్యూటర్‌లో ఆ పని కెర్నెల్‌ది. లోపల గదిలో ఫోన్ పట్టుకుని పక్క డిపోలతో మాట్లాడుతూ, వరదకు ఏ రోడ్డు తెగింది, ఏ ఊరికి ఎవరి మీదుగా వెళ్లొచ్చు అని తెలుసుకుని ఆ పట్టికను తయారు చేసే మనిషి ఇంకొకరు. ఆయనే రౌటింగ్ డీమన్. పక్క రౌటర్లతో ఆయన మాట్లాడే భాషల్లో పెద్దది బీజీపీ. ఫలానా అడ్రసులకు నా మీదుగా రావచ్చు అని చెప్పడం, ఇక నా మీదుగా రావద్దు అని వెనక్కి తీసుకోవడం, ఈ రెండు ముక్కలే అందులో అసలు సంగతి. ఆ అక్టోబర్ రోజున జరిగింది రెండోదే. డేటా సెంటర్లతో సంబంధం తెగిపోయేసరికి, ఫేస్‌బుక్ పేరును అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్లు తమ దారులను తామే వెనక్కి తీసుకున్నాయి. దాంతో ప్రపంచానికి ఆ అడ్రసులకు దారి లేకుండా పోయింది.

ఇలాంటి డీమన్లు చాలా ఉన్నాయి. ఎఫ్ఆర్ఆర్ అని ఒకటుంది, దానితో మాట్లాడటానికి వీటీవైష్ అనే పరికరం వాడతారు. ఓపెన్‌బీజీపీడీకి బీజీపీసీటీఎల్ ఉంది. నేను నేర్చుకున్నది బర్డ్. ప్రాగ్ నగరంలోని చార్లెస్ యూనివర్సిటీలో 1990ల చివర్లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. ఇప్పుడు చెక్ దేశపు డొమైన్ పేర్లను చూసే సీజెడ్ డాట్ నిక్ సంస్థ దాన్ని నడిపిస్తోంది. లండన్‌లోని లింక్స్, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని డీఈ-సిక్స్ లాంటి పెద్ద ఇంటర్నెట్ ఎక్స్‌చేంజ్‌లలో వందల నెట్‌వర్కులు దారులు మార్చుకునే చోట రూట్ సర్వర్‌గా పనిచేసేది ఈ బర్డే. అంత పెద్ద పని చేసే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది.

బర్డ్‌తో మాట్లాడే ప్రోగ్రామ్ పేరు బర్డ్‌సీ. ఈ రెండూ వేరు వేరు. బర్డ్ వెనకాల నడుస్తూ ఉంటుంది. మనం టెర్మినల్‌లో బర్డ్‌సీ అని కొడితే, అది సాకెట్ అనే ఒక ప్రత్యేకమైన ఫైల్ ద్వారా బర్డ్‌కు మన మాట చేరవేసి, జవాబు తెచ్చి చూపిస్తుంది. ఎగ్జిట్ అని కొట్టి బయటికొస్తే మూసుకునేది బర్డ్‌సీ మాత్రమే, బర్డ్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఫోన్ పెట్టేసినంత మాత్రాన డిపోలో మనిషి ఇంటికి వెళ్లిపోడు కదా. కమాండ్లను నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టాలి. ఎక్కడైనా ఆగిపోతే ప్రశ్నార్థకం కొట్టండి, ఆ చోట ఏమేం రాయొచ్చో తనే చెబుతుంది.

కొత్తవాళ్లకు నేను మొదట చెప్పేది, బర్డ్‌సీని మైనస్ ఆర్ జోడించి తెరవమని. అప్పుడు చూడటమే తప్ప మార్చడం కుదరదు. కొన్నాళ్లు అలా చూస్తూ ఉంటే చాలు, భయం పోతుంది.

చూసే కమాండ్లలో ముందుది షో ప్రోటోకాల్స్. పక్క రౌటర్లతో ఒక్కో సంబంధం ఎలా ఉందో వరసగా చూపిస్తుంది. ఇందులో ఒక మాట దాదాపు అందరినీ మోసం చేస్తుంది. బీజీపీ పక్కన యాక్టివ్ అని కనబడితే అంతా బాగుందనుకుంటారు. కాదు. అవతలి వాళ్లతో కలవడానికి ఇంకా ప్రయత్నిస్తున్నాను, కుదరలేదు అని దాని అర్థం. ఎస్టాబ్లిష్డ్ అని ఉంటేనే మాటలు నడుస్తున్నట్టు. ఈ పేరు పెట్టిన వాళ్లను ఏమనాలో నాకు తెలియదు, ఫోన్ రింగవుతుంటే మాట్లాడుతున్నారని రాసుకున్నట్టుంది.

రెండోది షో రూట్ ఫర్, దాని పక్కన ఒక ఐపీ అడ్రసు. ఆ అడ్రసుకు బర్డ్ ఏ దారిని ఎంచుకుందో చెబుతుంది. చివర ఆల్ అని జోడిస్తే ఏయే నెట్‌వర్కుల మీదుగా ఆ దారి వచ్చిందో వివరంగా ఇస్తుంది. ఇంటర్నెట్ మొత్తం పట్టికలో ఐపీవీ4 దారులే 9 లక్షలకు పైగా ఉన్నాయి, అందుకని ఉత్తి షో రూట్ కొట్టి కూర్చుంటే తెరలు దొర్లుతూనే ఉంటాయి. దారి ఎంచుకోవడంలో మొదటి నియమం ఒకటుంది. పెద్ద ప్రాంతానికి చెప్పిన దారి కంటే, అందులోని చిన్న ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పిన దారిదే పైచేయి. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్ ప్రపంచంలో చాలాచోట్ల రాకుండా పోయింది దీనివల్లే. యూట్యూబ్ 208.65.152.0/22 అని పెద్ద ముక్కగా ప్రకటించుకుంది. తమ దేశం వరకు యూట్యూబ్‌ను ఆపాలనుకున్న పాకిస్తాన్ టెలికాం అందులోని 208.65.153.0/24 అనే చిన్న ముక్కను ప్రకటించింది, ఆ ప్రకటన దేశం దాటి బయటికి పాకింది. చిన్న ముక్క గెలిచింది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. బర్డ్‌కు తెలిసిన దారి కెర్నెల్‌కు తెలియాలని లేదు. కాన్ఫిగ్ ఫైల్‌లో కెర్నెల్ ప్రోటోకాల్ దగ్గర ఎక్స్‌పోర్ట్ ఆల్ అని చెప్పకపోతే, బర్డ్ నేర్చుకున్నదంతా తన పుస్తకంలోనే ఉంచుకుంటుంది, ప్లాట్‌ఫామ్ మీది మనిషికి ఇవ్వదు. బర్డ్‌సీలో దారి చక్కగా కనిపిస్తుంది, పింగ్ మాత్రం పోదు. అప్పుడు లినక్స్‌లో ఐపీ రూట్ అనే కమాండ్‌తో కెర్నెల్ చేతిలోని పట్టికను వేరుగా చూసుకోవాలి.

మార్చే కమాండ్లకు వస్తే, డిసేబుల్, ఎనేబుల్, రీస్టార్ట్, రీలోడ్ అనేవి ఒక్కో సంబంధం మీద పనిచేస్తాయి. రీస్టార్ట్, రీలోడ్ ఒకటే అనుకునేవాళ్లు ఎక్కువ. రీస్టార్ట్ అంటే ఫోన్ పెట్టేసి మళ్లీ చేయడం. పెట్టేసిన క్షణంలోనే అవతలి వాళ్లు మన దారులన్నీ కొట్టేస్తారు, ఆ వార్త వాళ్ల పక్కవాళ్లకూ వెళుతుంది. రీలోడ్ అంటే ఫోన్‌లో ఉంటూనే, ఇందాక చెప్పినవి మళ్లీ ఒకసారి చెప్పండి అని అడగడం. ఫిల్టర్ మార్చాక చాలాసార్లు రీలోడ్ సరిపోతుంది.

మా కాంప్లెక్స్‌లో ఒక చెల్లి నెట్‌వర్కింగ్ నేర్చుకుంటోంది. "అక్కా, షో ప్రోటోకాల్స్‌లో డౌన్ అని వస్తుంది కదా. మరి ఉత్తినే డౌన్ అని కొడితే డౌన్‌లో ఉన్నవన్నీ చూపిస్తుందా?" అని అడిగింది. "చూపించదు తల్లీ, బర్డ్‌నే మొత్తం ఆపేస్తుంది" అన్నాను. నిజంగానే అంతే. డౌన్ అనే ఒక్క మాటతో అన్ని సంబంధాలూ తెగిపోతాయి. ఆ తర్వాత బర్డ్‌సీలో ఎంత బతిమాలినా లాభం లేదు, వినేవాడే లేడు. సిస్టమ్ వైపు నుంచి సర్వీసును మళ్లీ మొదలుపెట్టాలి. మీరు కూర్చున్నది ఆ రౌటర్ పక్కనే అయితే సరే. వేల మైళ్ల దూరం నుంచి, ఆ రౌటర్ చూపించే దారి మీదుగానే దానిలోకి వెళ్లి ఉంటే?

ఈ పని మొత్తంలో అసలు కష్టం అదే. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటాం చూడండి, నెట్‌వర్క్ వాళ్ల వృత్తిలో అది సామెత కాదు, రోజూ ఉండే ప్రమాదం. ఇచ్చిన కమాండ్ తప్పయితే, దాన్ని సరిదిద్దే కమాండ్ పంపడానికి దారే ఉండదు.

బర్డ్‌లో పెద్ద మార్పులన్నీ కాన్ఫిగ్ ఫైల్‌లో రాసి, తర్వాత కాన్ఫిగర్ అనే కమాండ్ ఇస్తే అమల్లోకి వస్తాయి. పాత దానితో కొత్త దాన్ని పోల్చి చూసుకుని, మారినంత మేరకే కదిలిస్తుంది, మిగతా సంబంధాలను ముట్టుకోదు. అంతకుముందు కాన్ఫిగర్ చెక్ కొట్టి చూడొచ్చు. ఫైల్‌ను చదివి, తప్పుంటే ఏ వరసలో ఉందో చెబుతుంది, అమలు మాత్రం చేయదు. బయటి నెట్‌వర్కులతో పెట్టుకున్న బీజీపీకి ఏం తీసుకోవాలి, ఏం చెప్పాలి అనే నియమాలు రాయడం మర్చిపోతే ఇక్కడే ఒప్పుకోదు. ఫైల్‌లో తప్పుండగా నేరుగా కాన్ఫిగర్ కొట్టినా కొంప మునగదు, కొత్తదాన్ని తిరస్కరించి పాతదానితోనే నడుస్తుంది.

కానీ చెక్ చూసేది వ్యాకరణం. భావం దానికి తెలియదు. మంచి తెలుగులో తప్పు అడ్రసు రాసిన ఉత్తరం లాంటిది మీ ఫైల్ అయితే, చెక్ దాన్ని సంతోషంగా పాస్ చేస్తుంది. కెనడాలో 2022 జూలై 8న రోజర్స్ నెట్‌వర్క్ పడిపోయినప్పుడు కారణం ఇలాంటిదే. అప్‌గ్రేడ్ పనిలో ఒక రౌటింగ్ ఫిల్టర్‌ను తీసేశారు. ఫిల్టర్ తీయడం వ్యాకరణ దోషం కాదు. కానీ ఆపేవారు లేక దారుల సమాచారం వరదలా లోపలి రౌటర్ల మీద పడి, అవి తట్టుకోలేకపోయాయి. కోటీ ఇరవై లక్షల మంది వినియోగదారులకు ఫోన్, ఇంటర్నెట్ పోయాయి. ఎమర్జెన్సీకి 911 కలవని వాళ్లున్నారు, దుకాణాల్లో డెబిట్ కార్డులు పనిచేయలేదు. నెట్‌వర్క్‌ను సరిచేసే సిబ్బంది వాడే దారి కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉంది. ఫేస్‌బుక్‌లో గానీ రోజర్స్‌లో గానీ వాడింది బర్డ్ అని నేను అనడం లేదు. కొమ్మ మాత్రం ఒకటే.

దీనికి బర్డ్ రాసిన వాళ్లు పెట్టిన ఉపాయం నాకు మహా ఇష్టం. కాన్ఫిగర్ టైమౌట్ అని కొట్టండి. కొత్త కాన్ఫిగరేషన్ వెంటనే అమల్లోకి వస్తుంది, కానీ దానితోపాటు ఒక గడియారం మొదలవుతుంది. మీరు వేరే సంఖ్య చెప్పకపోతే 300 సెకన్లు, అంటే అయిదు నిమిషాలు. ఆ లోపు మీరు చూసుకోవాలి. పక్కవాళ్లతో సంబంధాలు ఎస్టాబ్లిష్డ్‌లో ఉన్నాయా, ముఖ్యమైన అడ్రసులకు దారి ఉందా, ఇంకో కిటికీలోంచి కొత్తగా లాగిన్ కాగలుగుతున్నారా అని. అంతా బాగుంటే కాన్ఫిగర్ కన్ఫర్మ్ అని కొట్టాలి. కొట్టకపోతే, గడువు ముగియగానే బర్డ్ తనంతట తానే పాత కాన్ఫిగరేషన్‌కు వెళ్లిపోతుంది.

ఇందులో తెలివి ఎక్కడుందో చూడండి. మామూలుగా తప్పు జరిగితే మనం ఏదో చేయాలి. దారి తెగిపోయిన మనిషి ఏం చేయగలడు? ఇక్కడ లెక్క తిరగేశారు. బాగుందని చెప్పడానికి మీరు మాట్లాడాలి, బాగోలేదని చెప్పడానికి మీ మౌనం చాలు. మీ దారి నిజంగా తెగిపోతే మీరు కన్ఫర్మ్ చెప్పలేరు, చెప్పలేకపోవడమే దానికి సంకేతం. వయసు మళ్లిన తండ్రి ఒంటరిగా ఉంటే, రోజూ ఉదయం ఫోన్ చెయ్యి నాన్నా, రాకపోతే పక్కింటి వాళ్లను పంపిస్తాం అని చెప్పి వచ్చిన పిల్లలకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. జూనిపర్ రౌటర్లలోనూ కమిట్ కన్ఫర్మ్‌డ్ అని ఇదే ఉంది, అక్కడ మామూలు గడువు పది నిమిషాలు.

గడువు దాకా ఆగక్కర్లేదనిపిస్తే కాన్ఫిగర్ అన్‌డూ కొట్టొచ్చు. అయితే వెనక్కి ఒక్క మెట్టే. వరసగా నాలుగు మార్పులు చేసి మొదటిదానికి వెళ్దామంటే కుదరదు. మార్పు తర్వాత మార్పుగా, ఒక్కోదాన్ని కన్ఫర్మ్ చేసుకుంటూ పోవడమే మేలని నా అభిప్రాయం. కాన్ఫిగర్ సాఫ్ట్ అని ఇంకో రకం ఉంది. ఫిల్టర్ మారినా పాత నియమాల ప్రకారం లోపలికి వచ్చిన దారులను అది కదిలించదు, కొత్తగా వచ్చేవాటికే కొత్త నియమం వర్తిస్తుంది. మెత్తగా ఉంటుందని అదే పనిగా వాడితే, ఫిల్టర్ పనిచేస్తోందో లేదో తెలియకుండానే గడువు గడిచిపోతుంది. సాఫ్ట్‌గా చేసింది బాగానే ఉందనిపించి కన్ఫర్మ్ చేస్తే, దోషం మరుసటి రీలోడ్‌లో బయటపడొచ్చు.

గడియారం కాపాడలేనివీ ఉన్నాయి. అది మీ రౌటర్‌నే వెనక్కి తెస్తుంది, పక్కవాళ్ల రౌటర్‌ను కాదు. పొరపాటున మీరు అవతలి వాళ్లకు లక్షల దారులు చెప్పేశారనుకోండి. చాలామంది ఇన్నింటికి మించి చెబితే సంబంధం మూసేస్తాను అని పరిమితి పెట్టుకుంటారు. ఒకసారి మూశాక వాళ్ల వైపు మనిషి తెరిచేదాకా తెరుచుకోకపోవచ్చు. అయిదు నిమిషాల్లో మీరు బుద్ధిగా పాత స్థితికి వచ్చేసినా, వాళ్లకు ఫోన్ చేసి బతిమాలుకోవాల్సిందే. అందుకే ఆ ఫోన్ నంబరు, ఆ నెట్‌వర్క్ మీద ఆధారపడని చోట రాసి ఉంచుకోవాలి.

ఇదంతా నేర్చుకోవడానికి ఉద్యోగం ఉండాల్సిన పని లేదు. హెచ్-4 వీసా మీద పని అనుమతి కోసం ఎదురుచూస్తూ, ఈ లోగా ఏదైనా నేర్చుకుందామనుకునే మన ఆడపిల్లలకు ఇది మంచి విద్య. ఉబుంటు గానీ డెబియన్ గానీ ఉన్న రెండు వర్చువల్ మెషీన్లు ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టుకోండి. నావి గుంటూరు, తెనాలి. రెండింటిలోనూ బర్డ్2 ప్యాకేజీ వేయండి. నెట్‌వర్క్ నంబర్లుగా ప్రైవేటు వాడకానికి కేటాయించిన 64512, 64513 ఇవ్వండి. అడ్రసులకు ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన 192.0.2.0/24, 198.51.100.0/24 వాడుకోండి, బయట ఎవరికీ ఇబ్బంది ఉండదు. రెండింటి మధ్యా బీజీపీ పెట్టి, తెనాలిలో 198.51.100.1 అనే అడ్రసును గుంటూరుకు ప్రకటించండి.

ఇప్పుడు గుంటూరు నుంచి ఆ అడ్రసుకు పింగ్ పెట్టి అలా వదిలేయండి. తెనాలి ఫైల్‌లో ఎక్స్‌పోర్ట్ నన్ అని మార్చి, కాన్ఫిగర్ టైమౌట్ 60 కొట్టండి. గుంటూరు కిటికీలో జవాబులు ఆగిపోతాయి. చేతులు కట్టుకుని కూర్చోండి. సరిగ్గా నిమిషం తర్వాత జవాబులు వాటంతట అవే రావడం మొదలవుతుంది. వచ్చాక తెనాలి ఫైల్ తెరిచి చూడండి, ఎక్స్‌పోర్ట్ నన్ అనే మాట అందులో అలాగే ఉంటుంది. బర్డ్ వెనక్కి వెళ్లింది తన మెమరీలోనే, డిస్క్ మీది ఫైల్‌ను అది ముట్టుకోదు. ఆ మెషీన్ ఎప్పుడైనా రీబూట్ అయితే ఆ ఫైల్‌నే చదువుకుని లేస్తుంది. కాబట్టి పింగ్ వస్తోంది కదా అని లేచి వెళ్లకుండా, ఫైల్‌ను కూడా పాత స్థితికి మార్చి, కాన్ఫిగర్ చెక్ ఒకసారి కొట్టి, అప్పుడు ల్యాప్‌టాప్ మూయండి.